హెర్షీ చాక్లెట్ ఊరికి ఒక్కరోజు ప్రయాణం: కోకో పండించే మా నాన్నగారికి అక్కడ చూడదగ్గది ఏముంది?

కొబ్బరితోట
మేము న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. అమ్మానాన్నలు జూన్‌లో వచ్చారు, ఆగస్టు చివర్లో తిరుగు ప్రయాణం. నాన్నగారు ద్వారకా తిరుమల దగ్గర కొబ్బరితోటలో అంతర పంటగా కోకో వేసి ఇరవై ఏళ్ళు దాటింది. కాయ కోయడం, పగలగొట్టడం, గింజ పులియబెట్టడం, ఎండబెట్టి కొనుగోలుదారుకు తూకం వేయడం వరకే ఆయనకు తెలుసు. ఆ తరువాత ఏమవుతుందో కళ్ళతో చూడలేదు. మొన్న మా అమ్మాయి చాక్లెట్ తింటుంటే "ఇందులో మన గింజ ఎంత ఉంటుందో" అన్నారు. అప్పటినుంచి హెర్షీ చాక్లెట్ సంస్థ పుట్టిన పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊరికి తీసుకెళ్ళాలని నా మనసు లాగుతోంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఎవరిని అడిగినా "అది పిల్లల పార్కు, పెద్దవాళ్ళకు ఏముంటుంది, అంత డబ్బు ఎందుకు" అంటున్నారు. మేము ఆరుగురం. బాబుకు పదకొండేళ్ళు, పాపకు అయిదు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అమ్మకు చక్కెర వ్యాధి, పైగా ఆవిడ పూర్తి శాకాహారి. పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాలి. ఆరుగురికీ పార్కు టికెట్లు కొనాలా? నాన్నగారు నిజంగా చాక్లెట్ తయారీ చూడగలరా? వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పండి.

ఎడిసన్ అమ్మ
తప్పకుండా వెళ్ళండి. ఒక విషయం మాత్రం ముందే తెలుసుకోండి. అక్కడ రెండు వేర్వేరు చోట్లు ఉన్నాయి, చాలామంది కలిపేసుకుంటారు. హెర్షీపార్క్ అంటే రోలర్ కోస్టర్లు, నీటి ఆటలు ఉన్న పెద్ద పార్కు, దానికి టికెట్ కావాలి. పక్కనే ఉన్న హెర్షీస్ చాక్లెట్ వరల్డ్‌కు ప్రవేశం ఉచితం. చాక్లెట్ ఎలా తయారవుతుందో చూపించే బండి ప్రయాణం కూడా ఉచితమే. మీ నాన్నగారికి కావలసింది రెండోది.

లెక్కల పుస్తకం
ఎడిసన్ నుంచి సుమారు 150 మైళ్ళు. 78వ నంబరు హైవే మీద రెండున్నర గంటలు, మధ్యలో ఆగితే మూడు. ఒక్కరోజులో పార్కూ, చాక్లెట్ వరల్డూ, మ్యూజియమూ మూడూ పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు. ఆరు టికెట్లు అసలే వద్దు. మోకాళ్ళ నొప్పి ఉన్నాయన కోస్టర్ ఎక్కరు కదా!

దారి తప్పిన బాటసారి
నేను ఒప్పుకోను. చాక్లెట్ వరల్డ్ అంటే చివరికి ఒక పెద్ద దుకాణం. బండిలో కూర్చుంటే పాటలు పాడే ఆవు బొమ్మలు కనిపిస్తాయి, దిగగానే దుకాణంలోకి దారి. అసలు కర్మాగారం కాదది, యంత్రాల నమూనాలు. కోకో రైతును మూడు గంటలు కూర్చోబెట్టి తీసుకెళ్ళి ఆవు బొమ్మలు చూపిస్తారా?

హారిస్‌బర్గ్ వాసి
నేను అక్కడికి పదిహేను మైళ్ళ దూరంలో ఉంటాను. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ తీసుకెళ్ళడం నా వంతు. బాటసారి గారు చెప్పింది సగం నిజం. అది నమూనాయే. ఎందుకు నమూనా అయిందో తెలిస్తే అంత కోపం రాదు.

మొదట్లో అసలు కర్మాగారంలోకే జనాన్ని రానిచ్చేవారు. 1970ల మొదటికి చూడవచ్చేవాళ్ళ సంఖ్య ఏడాదికి పది లక్షలకు చేరువైంది. తిండి వస్తువు తయారయ్యే చోట అంతమంది తిరిగితే శుభ్రత ఎలా నిలుస్తుంది? అందుకే కర్మాగారం సందర్శన ఆపి, 1973లో చాక్లెట్ వరల్డ్ కట్టారు. ఊరి నడిమధ్య చాక్లెట్ అవెన్యూ మీదున్న ఆ పాత కర్మాగారం 2012లో మూతపడింది. తయారీ ఊరి పడమటి వైపున్న కర్మాగారానికి మారింది. లోపలికి మనల్ని రానివ్వరు.

మీ నాన్నగారి కోసం నేనైతే ది హెర్షీ స్టోరీ అనే మ్యూజియం ముందు పెడతాను. 2009లో తెరిచారు, అదే చాక్లెట్ అవెన్యూ మీద ఉంది. పాత యంత్రాలు, ఊరి చరిత్ర అన్నీ అక్కడే. చాక్లెట్ ల్యాబ్ అని ఒక గది ఉంది, మనచేతనే చాక్లెట్ పని చేయిస్తారు. దానికి ముందే చోటు రాయించుకోవాలి. మేము వెళ్ళినప్పుడు వేర్వేరు దేశాల కోకోతో చేసిన వెచ్చని చాక్లెట్ పానీయాలు చిన్న చిన్న కప్పుల్లో రుచి చూపించారు. ఒక్కో దేశపు గింజకు ఒక్కో రుచి. కోకో పండించే మనిషికి అంతకంటే ఏం కావాలి?

పాలకొల్లు ఆడపడుచు
ఈ చర్చ చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. మా పుట్టింట్లోనూ కొబ్బరి కింద కోకో ఉంది. కాయలు పగలగొట్టే రోజు పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. ఒక్కో కాయలో ముప్ఫై, నలభై గింజలు, వాటి చుట్టూ తెల్లటి గుజ్జు. ఆ గుజ్జు చప్పరిస్తే సీతాఫలానికీ లిచీకీ మధ్యలో ఉంటుంది రుచి. గింజ మాత్రం కొరికితే చేదు. అయిదారు రోజులు కుప్పపోసి కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ పులియబెడతారు. ఆ వాసనకు వీధి చివరికే తెలిసేది మా ఇంట్లో కోకో ఉందని! సరిగ్గా పులియకపోతే తరువాత ఎంత వేయించినా చాక్లెట్ రుచి రాదు. అంటే చాక్లెట్ రుచి సగం మన రైతు దొడ్లోనే తయారవుతుంది. ఇక్కడి పిల్లలకు ఈ మాట ఎవరూ చెప్పరు.

కొబ్బరితోట గారూ, మీ పిల్లలకు ఆ బండి ప్రయాణంలో నాన్నగారి పక్కనే చోటు ఇవ్వండి. నమూనా యంత్రం వాళ్ళు చూపిస్తారు, దానికి ముందు జరిగేది తాతగారు చెబుతారు.

దారి తప్పిన బాటసారి
పాలకొల్లు ఆడపడుచు గారి మాటకు తలవంచుతున్నాను. తాతగారు పక్కనుంటే ఆవు బొమ్మలు కూడా బాగానే ఉంటాయి.

తీపి వేట
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. హెర్షీ పాల చాక్లెట్ రుచి మనవాళ్ళకు నచ్చుతుందా? మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది పాడైపోయిందమ్మా" అన్నారు. అంత పులుపు వాసన! మన ఊళ్ళో దొరికే డైరీ మిల్క్‌తో పోలికే లేదు.

లెక్కల పుస్తకం
పాడైపోలేదండి. ఆ రుచి అలాగే ఉంటుంది. పాలలోని కొవ్వు కొంత విడిపోయి బ్యూటిరిక్ ఆమ్లం ఏర్పడటం వల్ల ఆ పులుపు వస్తుందని ఆహార శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. ఆ ఆమ్లం వెన్నలో, చీజ్‌లో కూడా ఉంటుంది. నెయ్యి కాచడానికి నాలుగు రోజులు పోగుచేసిన వెన్న వాసన గుర్తుందా, దానికి దగ్గర చుట్టం. అమెరికాలో పుట్టిన పిల్లలకు చాక్లెట్ అంటే అదే.

ఇంకో తమాషా. ఇక్కడ దుకాణాల్లో దొరికే క్యాడ్‌బరీ డైరీ మిల్క్‌ను తయారుచేసేది కూడా హెర్షీ సంస్థే. 1988 నుంచి అమెరికాలో ఆ హక్కు వాళ్ళదే. అందుకే ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడి డైరీ మిల్క్ తిని అనుమానంగా చూస్తారు.

తీపి వేట
పోగుచేసిన వెన్న! సరిగ్గా అదే వాసన. ఇన్నాళ్ళకు మాట దొరికింది. అత్తగారికి ఇవాళే చెబుతాను.

బోర్న్‌విల్ పక్కవీధి
ఇంగ్లండ్ నుంచి ఒక మాట. మా బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీ వరల్డ్ 1990లో తెరిచారు. ఇక్కడా అంతే, కర్మాగారం పక్కనే ఉంటుంది కానీ మనం చూసేది ప్రదర్శన, అసలు తయారీ కాదు. ఊరి సంగతి మాత్రం నాకు చాలా ఇష్టం. క్వేకర్ మతస్థులైన క్యాడ్‌బరీ సోదరులు 1879లో కర్మాగారాన్ని ఊరి బయటికి తెచ్చి, తరువాత చుట్టూ తోటలున్న ఇళ్ళు కట్టించారు. సారా దుకాణం ఉండకూడదని నియమం. హెర్షీ ఊరూ అలాంటిదేనని విన్నాను.

ఎడిసన్ అమ్మ
పదకొండేళ్ళ బాబును అందరూ మరిచిపోయారు. రోజంతా మ్యూజియం, చాక్లెట్ కబుర్లు అంటే వాడు ముఖం మాడ్చుకుంటాడు. కళ్ళెదురుగా 210 అడుగుల కోస్టర్ కనిపిస్తుంటే ఎక్కకుండా తిరిగి రమ్మంటారా? మా పెద్దవాడిని అలా తీసుకొచ్చాం, ఇంటికి వచ్చేదాకా నోరు విప్పలేదు. కుటుంబాన్ని రెండుగా విడదీయండి. ఒకరు బాబుతో పార్కుకు, మిగతా నలుగురూ మ్యూజియానికి. మధ్యాహ్నం చాక్లెట్ వరల్డ్‌లో అందరూ కలవండి.

పాలకొల్లు ఆడపడుచు
ఇక్కడ నేను కొంచెం పట్టుబడతాను. ఆ ఒక్కరోజు బాబు తాతగారితోనే ఉండాలి. కోస్టర్ వచ్చే ఏడాదీ ఉంటుంది. కోకో పండించే తాతగారితో ఆ ఊరు చూసే రోజు మళ్ళీ వస్తుందా?

ఎడిసన్ అమ్మ
బలవంతంగా పక్కన కూర్చోబెడితే వాడి మనసు కోస్టర్ మీదే ఉంటుంది. మూడు గంటలు ఆడుకుని సంతోషంగా వచ్చిన పిల్లవాడు తాతగారి కథ బాగా వింటాడని నా అనుభవం.

హారిస్‌బర్గ్ వాసి
పార్కుకు వెళ్ళేదైతే ఎత్తుల సంగతి చూసుకోండి. అక్కడ పిల్లల ఎత్తును బట్టి చాక్లెట్ల పేర్లతో వర్గాలు పెట్టారు. 36 అంగుళాల లోపు మినియేచర్స్, 36 నుంచి 42 వరకు కిసెస్, 42 నుంచి 48 వరకు రీసెస్, 48 నుంచి 54 వరకు హెర్షీస్, 54 నుంచి 60 వరకు ట్విజ్లర్స్, ఆపైన జాలీ రాంచర్. ఏ ఆటకు ఏ వర్గం ఎక్కవచ్చో రాసి ఉంటుంది. ఇంట్లోనే కొలిచి వెళితే అక్కడ ఏడుపులుండవు. అదే టికెట్ మీద జూఅమెరికా అనే చిన్న జంతుప్రదర్శనశాల కూడా చూడవచ్చు.

వారాంతం వద్దు. బుధవారమో గురువారమో సెలవు పెట్టండి.

వేరుశనగ దూరం
పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ పడదా? మా అమ్మాయికి పడదు. హెర్షీ ఊరంటే రీసెస్ పీనట్ బటర్ కప్పుల ఊరు కూడా. హెర్షీ పాడిలో పనిచేసిన రీస్ అనే ఆయన 1928లో వాటిని మొదలుపెట్టాడు, 1963లో ఆ సంస్థ హెర్షీలో కలిసింది. వేరుశనగ లేని చాక్లెట్లూ ఉన్నాయి కానీ ఒకే పేరున్న చాక్లెట్‌లో కూడా పెద్ద కట్టకూ చిన్న కట్టకూ తేడా ఉండవచ్చు, ప్రతి కాగితం మీదా చదవాల్సిందే. మేము మందు సూది వెంట ఉంచుకునే తిరిగాం.

కొబ్బరితోట
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. వేరుశనగ మా ఇంట్లో అందరికీ పడుతుంది, చట్నీ లేనిదే దోసె దిగదు. అమ్మ శాకాహారం సంగతి ఎవరైనా చెప్పండి. నాన్నగారు ఇంకో మాట అడిగారు. రెండో విడతలో మా తమ్ముడు ఇండియా నుంచి వస్తున్నాడు, వాడి చేత నాలుగు కోకో కాయలు తెప్పించి మనవలకు చూపించవచ్చా అని.

లెక్కల పుస్తకం
కాయలు వద్దు! తాజా పండ్లు, మొలకెత్తే గింజలు తెస్తే విమానాశ్రయంలో పట్టుకుంటారు. మొక్కలకు సంబంధించినది ఏది తెచ్చినా ముందే ప్రకటించాలి, దాచి తెస్తే జరిమానా. తమ్ముడిని తోటలో కాయ పగలగొట్టే వీడియో తీసి పంపమనండి.

నిత్య శాకాహారి
మామూలు పాల చాక్లెట్, నల్ల చాక్లెట్‌తో ఇబ్బంది లేదు. జాగ్రత్తపడాల్సింది మార్ష్‌మెలో అనే మెత్తని మిఠాయితో. బిస్కట్ల మధ్య చాక్లెట్, కాల్చిన మార్ష్‌మెలో పెట్టి ఇచ్చే స్మోర్ అక్కడ బాగా అమ్ముతారు. మార్ష్‌మెలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. జెల్లీ మిఠాయిల్లోనూ చాలావాటిలో ఉంటుంది. అమ్మగారికి ముందే చెప్పండి, తిన్నాక తెలిస్తే ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టరు. మా అమ్మ అలాగే చేసింది.

పులిహోర కట్టుకెళ్ళండి. పార్కు లోపలికి బయటి తిండి తీసుకెళ్ళే నియమాలు ముందే చూసుకోండి. వీలైతే న్యూ కంబర్లాండ్‌లోని హరి ఆలయానికి వెళ్ళండి, అక్కడికి అరగంట దూరం. పెద్దవాళ్ళకు ప్రాణం లేచివస్తుంది.

రాత్రి బడి
మోకాళ్ళ నొప్పి గురించి. ఆ బండి ఎక్కేచోట నేల కూడా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, బండి పూర్తిగా ఆగదు. నెమ్మదిగానే కానీ పెద్దవాళ్ళు తడబడతారు. వరుసలో ఉండగానే సిబ్బందికి చెప్పండి. మా మామగారికి చేయిచ్చి ఎక్కించారు. దగ్గరలో ఇండియన్ ఎకో గుహలు ఉన్నాయని ఎవరైనా చెబితే మాత్రం మీ నాన్నగారిని తీసుకెళ్ళకండి, దిగడానికే 71 మెట్లు.

తీపి వేట
అమ్మగారికి గులాబీలు ఇష్టమా? హెర్షీ గార్డెన్స్ 1937లో గులాబీల తోటగా మొదలైంది. సీతాకోకచిలుకల గది కూడా ఉంది. చక్కెర వ్యాధి ఉన్నావిడకు చాక్లెట్ లేని చోటు కూడా ఒకటి ఉండాలి కదా.

హారిస్‌బర్గ్ వాసి
వెళ్ళేముందు మిల్టన్ హెర్షీ కథ నాన్నగారికి చెప్పండి. రైతుబిడ్డ. ఫిలడెల్ఫియాలో మిఠాయి దుకాణం పెట్టి మునిగారు, న్యూయార్క్‌లో మళ్ళీ మునిగారు. సొంత ప్రాంతానికి తిరిగివచ్చి లాంకాస్టర్‌లో పాలతో కారమెల్ మిఠాయి చేసి నిలబడ్డారు. 1893లో షికాగో ప్రదర్శనలో జర్మనీ చాక్లెట్ యంత్రాలు చూసి కొన్నారు. 1900లో కారమెల్ వ్యాపారాన్ని పది లక్షల డాలర్లకు అమ్మేసి చాక్లెట్ మీద పడ్డారు. పట్టణంలో కాక, తాను పుట్టిన పల్లెలో, ఆవులు మేసే పొలాల మధ్య కర్మాగారం కట్టారు. పాలు దగ్గర ఉండాలి కదా. బాటసారి గారూ, ఆ ఆవు బొమ్మలు ఊరికే పెట్టలేదు.

పిల్లలు కలగలేదు. 1909లో భార్యాభర్తలు అనాథ పిల్లల కోసం బడి పెట్టారు. భార్య 1915లో పోయారు. 1918లో తన ఆస్తి చాలావరకు ఆ బడి ట్రస్టుకు రాసిచ్చేశారు. ఈ రోజుకీ హెర్షీ చాక్లెట్ సంస్థ మీద పెత్తనం ఆ ట్రస్టుదే, సుమారు రెండు వేల మంది పిల్లలు అక్కడ ఉచితంగా ఉండి చదువుకుంటున్నారు. నేను చుట్టాలను ఎన్నిసార్లు తీసుకెళ్ళినా ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

బోర్న్‌విల్ పక్కవీధి
టైటానిక్ ఓడకు బయానా కట్టింది కూడా ఆయనేనా?

హారిస్‌బర్గ్ వాసి
ఆయనే. 1911 డిసెంబరులో ఆ ఓడ సంస్థకు 300 డాలర్ల చెక్కు రాశారు. పని పడి వేరే ఓడలో ముందే వచ్చేశారు. లేకపోతే పైన చెప్పిన 1918 నాటి మాట ఉండేదో లేదో.

పాలకొల్లు ఆడపడుచు
నాన్నగారిని ధర గురించి ఎవరూ అడగలేదు. 2024లో ఐవరీ కోస్ట్, ఘనాల్లో పంట దెబ్బతిని ప్రపంచ ధర ఆకాశానికి ఎక్కింది, మన దగ్గర కూడా ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్ళింది. మరుసటి ఏడాదే పడిపోయి మనవాళ్ళు రోడ్డెక్కారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ దుకాణంలో చాక్లెట్ ధర చూసినప్పుడు ఆయనకు కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట వస్తే తప్పించకండి, పిల్లల ముందే మాట్లాడనివ్వండి.

కొబ్బరితోట
గురువారం వెళ్ళివచ్చాం. రాత్రి పదకొండు దాటింది ఇల్లు చేరేసరికి, అయినా రాయకుండా నిద్రపట్టలేదు.

ఎడిసన్ అమ్మ గారి పద్ధతీ, పాలకొల్లు ఆడపడుచు గారి పద్ధతీ రెండూ కలిపాం. పొద్దున అందరం మ్యూజియంలో. పాత యంత్రాల దగ్గర నాన్నగారు కదల్లేదు. గింజ రుబ్బే రాయి చూసి "మన ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరే ఇది, గంటలకొద్దీ తిప్పుతారన్నమాట" అన్నారు. తరువాత మా వారు బాబుతో పార్కుకు వెళ్ళారు, అమ్మా పాపా నేనూ గులాబీ తోటలో తిరిగాం, నాన్నగారు నీడలో బల్ల మీద కూర్చుని తమ్ముడు పంపిన వీడియో పదిసార్లు చూసుకున్నారు.

సాయంత్రం చాక్లెట్ వరల్డ్‌లో అందరం ఒకే బండిలో ఎక్కాం. రాత్రి బడి గారు చెప్పినట్టు ముందే చెప్పాం, చేయిచ్చి కూర్చోబెట్టారు. పాప ఆవు పాటలకు చప్పట్లు కొట్టింది. బాబు కోస్టర్ దిగి వచ్చిన హుషారులో ఉన్నాడు. గింజలు వేయించే చోటు వచ్చేసరికి నాన్నగారు వాడి భుజం మీద చేయివేసి, "ఇక్కడి దాకా రావడానికి ముందు వారం రోజులు మీ అమ్మమ్మా నేనూ నిద్రలేచి కుప్ప తిరగేస్తాం" అన్నారు. వాడు వెంటనే "రాత్రిళ్ళు కూడానా తాతా?" అని అడిగాడు. అక్కడినుంచి బండి దిగేదాకా ఇద్దరూ ఆ మాటల్లోనే ఉన్నారు. ఉడతలు కాయలకు చిల్లులు పెట్టడం, వాన పడితే ఎండబెట్టిన గింజ మీద టార్పాలిన్ కప్పడానికి పరిగెత్తడం, అన్నీ.

దుకాణంలో ధర మాట వచ్చింది. ఆయన ఒక కట్ట చేతిలో పట్టుకుని, డాలర్లను రూపాయల్లోకి మార్చి, కిలోకు లెక్కవేసి, చాలాసేపు ఏమీ అనలేదు. బాబు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పారు. నేను తప్పించలేదు.

వచ్చేదారిలో ఆయన అడిగిన ప్రశ్న ఇది. "వీళ్ళు ఇంత చాక్లెట్ తింటారు కదా, ఆ తెల్ల గుజ్జు రుచి వీళ్ళలో ఎవరికైనా తెలుసా?" బాబు వచ్చే ఏడాది కాయలు కోసే కాలానికి ఊరు తీసుకెళ్ళమని పట్టుబట్టాడు.

పాలకొల్లు ఆడపడుచు
వేసవి సెలవులకు ముందే టికెట్లు చూసుకోండి. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో కాయ బాగా ఉంటుంది.

దారి తప్పిన బాటసారి
వచ్చే నెల మా అమ్మ వస్తోంది. నేనూ వెళుతున్నాను, ఆవు బొమ్మలతో సహా.

లెక్కల పుస్తకం
కొన్న చాక్లెట్లు ఎండకు కారులో కరగలేదా?

కొబ్బరితోట
లేదండి. పెరుగన్నం డబ్బా కోసం తీసుకెళ్ళిన ఐస్ పెట్టె ఖాళీ అయ్యాక అందులోనే పెట్టాం. అక్కడి వీధి దీపాలు కూడా ఏ చాక్లెట్ ఆకారంలో ఉంటాయో ఆ కిసెస్ ఒక సంచీడు నాన్నగారు విడిగా కట్టించుకున్నారు, ఊళ్ళో కాయలు పగలగొట్టడానికి వచ్చే కూలీలకట.